ఆంగ్లభాషయందు గతవిచారమును దెలుపు విధము

పరీక్షాఫలితములు గోడమీద నంటింపబడిన దినమున పాఠశాల వసారాలో నొక పావుగంట నిలిచినవారికి ఒకే తీరు మాటలు పదేపదే వినబడును. "అయ్యో, లెక్కలు ఇంకొక్కమాఱు చేసియుండిన బాగుండెడిది." "ఆ ప్రశ్నను విడువకుండవలసినది." "మాస్టరుగారి మాట వినియుండినయెడల ఈపాటికి పై తరగతిలో నుందును." ఇట్లు పలుకు బాలుడు వ్యాకరణ గ్రంథమును జూచి పలుకుట లేదు. విచారమే వానికి వాక్యమును గూర్చి యిచ్చినది. అయినను ఆ బాలునే పిలిచి, ఆ మాటనే ఆంగ్లమున వ్రాయుమనిన, కలమును చేతబట్టి కిటికీవైపు చూచును. తుదకు వ్రాసినను క్రియయొద్ద తప్పును.

ఇరువది సంవత్సరములుగా ఆంగ్లమును బోధించుచు ఈ తప్పులను దిద్దుచున్నవాడను గాన, వీనినిగూర్చి మన పత్రికలో కొంత వివరముగ వ్రాయ దలచితిని. విద్యార్థులు దీనిని పాఠముగ జదువుదురు గాక. తలిదండ్రులకును తోడి యుపాధ్యాయులకును గూడ ఇందు కొంత పనికివచ్చునది కలదని నా నమ్మిక. అది యేమో వ్యాసము చివరకు తెలియగలదు.

మొదట మన భాషను జూతము. "వాన కురిసిన పంట పండును" అని రైతు చెప్పినప్పుడు వాన యింకను రావచ్చును; వాని చూపు ఆకాశముమీద నున్నది. "వాన కురిసియుండిన పంట పండియుండును" అని చెప్పినప్పుడో, వాన రాలేదు, పంట పండలేదు, కాలము దాటిపోయినది. రెండు వాక్యములకును భేదము "ఉండు" అను చిన్న సహాయక్రియ మాత్రమే. చిన్నయసూరి 1858వ సంవత్సరమున ప్రకటించిన బాలవ్యాకరణమునందు ఇట్టి "అయిన" యను నర్థముగల క్రియారూపమునకు చేదర్థకమని పేరు పెట్టెను. సంస్కృతమున పాణిని మహర్షి, జరుగవలసి యుండియు జరుగక తప్పిపోయిన క్రియకు క్రియాతిపత్తి యను పేరిడి, దానికొఱకు లృఙ్ అను ప్రత్యేక లకారమునే విధించెను. కావున జరుగనిదానిని జరుగనిదిగా దెలుపుటకు వేఱు రూపము కావలయునను సంగతి మనకు క్రొత్తది కాదు. మనము నేర్వవలసినదల్లా ఆంగ్లేయులు ఈ పనిని ఏ రూపముచేత సాధింతురనుటయే.

ఆంగ్లమున దీనికి ప్రత్యేక ప్రత్యయము లేదు. ఆ భాష భూతకాల రూపమునే యెరువు దెచ్చుకొనును. "ఐ విష్ ఐ న్యూ ది ఆన్సర్" అను వాక్యమును జూడుడు. "న్యూ" అనునది భూతకాల రూపమే. కాని వాక్యమున భూతకాలార్థము లేదు. "జవాబు నాకు ఇప్పుడు తెలియదు, తెలిసినచో ఎంత బాగుండును" అని భావము. ఇక విచారము ఇప్పటిది గాక నిన్నటిదైనచో ఏమి చేయవలయును? భూతకాల రూపము వర్తమాన విచారమునకే వినియోగింపబడినది. కావున ఇంకను వెనుకకు బోవలసినదే. "ఐ విష్ ఐ హాడ్ నోన్ ది ఆన్సర్ యెస్టర్డే." నిన్న తెలియలేదు; తెలిసియుండిన బాగుండెడిది.

దీనిని కోనేటిమెట్లతో బోల్చి నేను తరగతిలో జెప్పుచుందును. నిజముగ జరుగుచున్నది గట్టుమీద నున్నది. ఇప్పటి లోటునుగూర్చి విచారించువాడు ఒక మెట్టు దిగును. వానికి భూతకాల రూపము. గతించినదానినిగూర్చి విచారించువాడు రెండు మెట్లు దిగును. వానికి "హాడ్" అను సహాయక్రియయు, దాని ప్రక్కను పాస్టు పార్టిసిపిలును. ఒక మెట్టు కాలమునకు. ఒక మెట్టు "ఇది నిజము కాదు" అని తెలుపుటకు. డెన్మార్కు దేశీయుడై యుండియు ఆంగ్ల వ్యాకరణమును పలు సంపుటములలో వివరించిన ఆటో యెస్పర్సన్ పండితుడు (1860–1943) ఇట్టి వాడుకను కాలరూపముల ఊహాప్రయోగమని పేర్కొనెను. రూపము గతమును జూపుచున్నను మనస్సు ఊహయందున్నదని దాని తాత్పర్యము.

ఈ వాక్యములను సరిచూచుకొనుటకు సులభమగు పరీక్ష యొకటి కలదు. వాక్యమును వ్రాసిన పిమ్మట "నిజముగ జరిగినదేమి?" అని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. జవాబు వాక్యమునకు వ్యతిరేకముగ నుండవలయును. "ఐ విష్ ఐ హాడ్ గాన్" అనగా నేను వెళ్ళలేదు. "ఐ విష్ ఐ హాడ్ నాట్ స్పోకెన్" అనగా నేను మాటలాడితిని, ఆడకున్న బాగుండెడిది. "నాట్" ఉన్నచోట పని జరిగినది, లేనిచోట జరుగలేదు. విచారము మిక్కిలి తీవ్రమైనప్పుడు "ఐ విష్" అనుటకు మాఱుగా "ఇఫ్ ఓన్లీ" అందురు. "ఇఫ్ ఓన్లీ ఐ హాడ్ లిజన్డ్!" అనునది మన "అయ్యో, వినియుంటినేని!" అనుదానికి సరిపోవును. ఇచ్చట "హోప్" అను క్రియను వాడరాదు. తలుపు తెఱచియున్నప్పుడు "హోప్". మూసికొనిపోయిన పిమ్మట "విష్".

తరువాత "ఇఫ్" తో నారంభమగు జంటవాక్యము. "ఇఫ్ ఐ హాడ్ వర్క్‌డ్ హార్డ్, ఐ వుడ్ హావ్ పాస్డ్." కష్టపడియుండినయెడల ఉత్తీర్ణుడనై యుందును. కారణమును దెలుపు భాగమున "హాడ్"; ఫలమును దెలుపు భాగమున "వుడ్ హావ్". మన బాలురు పలుమాఱు "ఇఫ్ ఐ వుడ్ హావ్ వర్క్‌డ్" అని రెండు భాగములయందును "వుడ్ హావ్" చేర్తురు. వారిని నేను మందమతులని యనను. తెలుగున "పడియుండినయెడల" అనుచోటను "అయి యుందును" అనుచోటను "ఉండు" ఉన్నది గదా! ఆ పోలికచేతనే వారు పొరబడుదురు. కారణమునకు "వుడ్" అంటదని జ్ఞాపకముంచుకొనిన చాలును. "ఇఫ్" ను విడిచి, "హాడ్" ను ముందునకు దెచ్చి "హాడ్ ఐ నోన్" అనియు వ్రాయవచ్చును. ఇది గ్రంథములయందును ఉపన్యాసములయందును ఎక్కువగ గానవచ్చును. కారణము నిన్నటిదై ఫలము నేటిదైనచో రెండవ భాగమున "వుడ్" మాత్రమే చాలును. "ఇఫ్ ఐ హాడ్ లర్న్ట్ టు స్విమ్, ఐ వుడ్ నాట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ ది రివర్ నౌ." చిన్ననాట ఈత నేర్చియుండినచో నేడు ఏటిని జూచి భయపడకుందును.

ఈ జంటవాక్యమునకు మీరందఱు ఎఱిగిన తార్కాణము యోహాను సువార్త పదునొకండవ అధ్యాయమున గలదు. లాజరు సమాధిలో నుంచబడి నాలుగు దినములైన పిమ్మట ప్రభువు బేతనియకు రాగా, మార్త యెదురేగి, ఆయన అచ్చట నుండియుండినయెడల తన సహోదరుడు మరణింపకుండునని చెప్పెను. కొంతసేపటికి మరియయు అదే మాట పలికెను. 1611వ సంవత్సరపు ఆంగ్లానువాదమునందు ఈ వాక్యముయొక్క రెండు భాగములందును "హాడ్" అను సహాయక్రియయే యుండును. నేటి యాంగ్లములోనైనచో రెండవ భాగమున "వుడ్ హావ్" ఉండవలయును. భాష మాఱినది గాని విచారము మాఱలేదు. ఆ మాటలో నమ్మకమును గలదు, కొంత నిష్ఠూరమును గలదు. ఒక్క క్రియారూపము రెంటిని మోయుచున్నది.

మూడవ విధమునందు విచారముతోగూడ తప్పెవరిదనునదియు తెలియును. సెలవులకు ఇంటికి బోవు నొక బాలుని తలంచుకొనుడు. రైలు అయిదు గంటలకు. వాడు స్నేహితులతో మాటలాడుచు ఆలస్యముగ బయలుదేఱి రైలు తప్పించుకొనెను. అప్పుడు వాడు "ఐ షుడ్ హావ్ స్టార్టెడ్ ఎట్ ఫోర్" అనును. నాలుగింటికి బయలుదేఱుట వాని విధి, విధి తప్పినది, తప్పు వానిదే. "ఆట్ టు హావ్" అనినను భావ మదియే. "ఐ కుడ్ హావ్ టేకెన్ ది బస్" అనిన, బస్సులో బోవు అవకాశము వానికి గలదు, దానిని వినియోగించుకొనలేదు అని యర్థము. "ఐ మైట్ హావ్ కాట్ ది ట్రెయిన్" అనిన, అందియుండునేమో, అందకయుండునేమో, సందేహము మిగిలినది. మఱుసటి సెలవులకు వాడు బుద్ధితెచ్చుకొని స్టేషనుదాక పరుగెత్తెను. ఆ దినమున రైలు గంట యాలస్యముగ వచ్చెను. అప్పుడు వాడు "ఐ నీడ్ నాట్ హావ్ రన్" అనును. పరుగెత్తెను, పరుగెత్త నక్కఱలేకపోయెను. ఇట్లు "షుడ్ హావ్" చేయనిదానికి, "నీడ్ నాట్ హావ్" చేసి వ్యర్థమైనదానికి వాడబడును.

ఈ రూపములలో "షుడ్", "కుడ్", "మైట్" అను వాని తరువాత నెల్లప్పుడు "హావ్" ఉండవలయును గాని "హాడ్" ఉండరాదు. ఆంగ్లము మాతృభాషగా గల బాలురును ఇచ్చట వేఱొక తప్పు చేయుదురు. వేగముగ బలుకునప్పుడు "హావ్" అనునది నలిగి "ఆఫ్" అను విభక్తిపదమువలె వినబడును గాన, వారు "షుడ్ ఆఫ్" అని వ్రాసి తమ యుపాధ్యాయులచేత దిద్దించుకొందురు. కావున తప్పులు మనకే కలుగునని సిగ్గుపడ బనిలేదు.

మనకు ప్రత్యేకముగ గలుగు చిక్కు "మస్ట్" వలన వచ్చును. "వలెను" అనుదానికి "మస్ట్" అని చిన్నతరగతులలో నేర్చితిమి గదా! దానినిబట్టి "నేను వెళ్ళవలసినది" అనుటకు "ఐ మస్ట్ హావ్ గాన్" అని వ్రాయుదురు. ఇది పూర్తిగ వేఱర్థము నిచ్చును. "హి మస్ట్ హావ్ గాన్" అనగా "అతడు వెళ్ళియే యుండవలెను"; గదిలో లేడు, చెప్పులును లేవు, కావున వెళ్ళెనని యూహ. విధి తప్పిన విచారమునకు "షుడ్ హావ్" తగును. మఱియు "వెళ్ళవలసివచ్చినది" అనుదానికి "ఐ హాడ్ టు గో" అనవలయును. ఇచ్చట వెళ్ళుట జరిగినది. తెలుగున "వెళ్ళవలసినది" అనుదానికిని "వెళ్ళవలసివచ్చినది" అనుదానికిని ఎంత దూరమో చూడుడు. ఒకటి జరుగలేదు, ఒకటి తప్పనిసరియై జరిగినది. మన భాషలో నీ భేదమును ఎన్నడును పొరబడని బాలుడు ఆంగ్లమున మాత్రము పొరబడుటకు కారణము, పదమునకు పదమును బెట్టి భావమును విడుచుటయే.

కడపటిది "రిగ్రెట్" అను క్రియ. "ఐ రిగ్రెట్ సేయింగ్ దట్" అనగా ఆ మాట యాడినందుకు విచారించుచున్నాను, మాట గడచినది. "ఐ రిగ్రెట్ టు సే" అనగా ఇప్పుడు చెప్పబోవు చెడువార్తకు విచారించుచున్నాను. మాట యింకను రానున్నది. కచేరీ యుత్తరములు రెండవ విధముగ నారంభమగును. "ఇంగ్" వెనుకకు జూచును, "టు" ముందునకు జూచును.

రూపము లివియే. ఇక వీనిని వాడు తీరునుగూర్చి యొక్క మాట. "ఐ షుడ్ హావ్" అనునప్పుడు అది పశ్చాత్తాపము. అందులో "ఐ" తీసి "యూ" ఉంచిన తోడనే అది నిందయగును. క్రియ యొక్కటే, కర్త మాఱినది. ఫలితములు వచ్చిన సాయంకాలమున ఇంట "నీవు చదివియుండవలసినది" అను వాక్యము ఎన్నిమాఱులు వినబడునో తలిదండ్రు లెఱుగుదురు. అది వ్యాకరణమున నిర్దుష్టమే. కాని బాలుడు తానే "నేను చదివియుండవలసినది" అనుకొనుటకు వ్యవధి యీయక ముందే మనము కర్తను మార్చివేయుదుము. ఉపాధ్యాయులమును ఇట్లే చేయుదుము. నేనును జేసితిని, ఇంతకంటె హెచ్చుగనే జేసితిని.

కొన్నియేండ్ల క్రిందట వేఱొక పాఠశాలలో బనిచేయుచుండగా, క్రిస్మసు సెలవుల పిమ్మట తొమ్మిదవ తరగతివారికి ఈ పాఠమే చెప్పి, "విష్" తో అయిదు వాక్యములు వ్రాసితెమ్మంటిని. వసతిగృహమున నుండు ఒక బాలుని పుస్తకమున మూడవ వాక్య మిట్లుండెను: "ఐ విష్ ఐ వుడ్ హావ్ వెంట్ టు మై మదర్ ఇన్ ది హాలిడేస్." ఒక్క వాక్యమున రెండు తప్పులు. "వుడ్ హావ్" కొట్టివేసి "హాడ్" అనియు, "వెంట్" కొట్టివేసి "గాన్" అనియు ఎఱ్ఱసిరాతో వ్రాసి, ప్రక్కను "పదిమాఱులు వ్రాయుము" అని పెట్టితిని. మఱునాడు వాడు పదిమాఱులు చక్కగ వ్రాసి తెచ్చి, తక్కినవారు వెళ్ళిన పిమ్మట నా బల్లయొద్ద నిలిచెను. సరిచూచి సంతకము చేసి పంపివేసితిని.

వారము గడచిన తరువాత వసతిగృహాధికారి మాటలసందర్భమున చెప్పెను. దారిఖర్చునకు సొమ్ములేక ఆ బాలుడు సెలవులలో ఇంటికి బోలేదట. ఆ సెలవులలోనే వాని తల్లి జబ్బుచేసి చనిపోయినదట. కబురు వచ్చుసరికే సమాధి యైపోయినదట.

నేను వాక్యమును జదివితిని. వాడు చెప్పినదానిని జదువలేదు. ఆ రాత్రి నేనెన్నియో యేండ్లుగా బోధించుచున్న రూపము లొక్కొక్కటిగ నాయెదుట నిలిచినవి. ఐ షుడ్ హావ్ ఆస్క్‌డ్: అడుగుట నా విధి. ఐ కుడ్ హావ్ ఆస్క్‌డ్: గది ఖాళీగ నుండెను, గంట కొట్టలేదు, వాడు నా యెదుటనే నిలిచియుండెను. ఐ నీడ్ నాట్ హావ్ మేడ్ హిమ్ రైట్ ఇట్ టెన్ టైమ్స్: ఆ వాక్యమును వానిచేత పదిమాఱులు వ్రాయింప నక్కఱలేకపోయెను. ఒక్కొక్క రూపమునకు గల భేదము నాకు అంత స్పష్టముగ మునుపెన్నడును దెలియలేదు.

మఱునాటి సాయంకాలము వానిని బిలిచి, "నాయనా, నిన్ను నేను అడుగవలసినది. అడుగలేదు. తప్పు నాది" అంటిని. వాడు కొంతసేపు తల వంచుకొని నిలిచెను. పిమ్మట, నన్నోదార్చవలెనని తలంచెనో ఏమో, "మాస్టరుగారూ, ఆ వాక్యము నాకు వచ్చినదండి" అని మెల్లగ ఆంగ్లమున జెప్పెను. "ఐ విష్ ఐ హాడ్ గాన్ టు మై మదర్ ఇన్ ది హాలిడేస్." అందులో ఒక్క తప్పును లేదు.

ఆనాటినుండి బాలుర వాక్యములను రెండుమాఱులు చదువుచున్నాను. మొదట వాడు చెప్పినదానికొఱకు, పిదప క్రియకొఱకు. ఎఱ్ఱసిరా రెండవ పఠనమునకే. దీనివలన దిద్దుట కొంత ఆలస్యమగును. అయినను తోడి యుపాధ్యాయులకు దీనిని మనవి చేయుచున్నాను.

విద్యార్థులారా! ఈ రూపములలో నేదియు నిన్నటిదినమును మరల దేజాలదు. "హాడ్" అని యెన్నిమాఱులు వ్రాసినను తప్పిన రైలు రాదు, మూయబడిన సమాధి తెఱవబడదు. మఱి వీనిని నేర్చుట యెందులకు? తప్పిపోయినదేదో, అది నా చేతిలో నుండినదో లేదో, సరిగ జెప్పగలుగుటకు. నా చేతిలో లేనిదానికి "ఐ విష్" అని దుఃఖించి యూరకుండవచ్చును. నా చేతిలో నుండినదానికి "ఐ షుడ్ హావ్" అనవలయును. అట్లనినవాడు అచ్చటనే నిలువక "ఐ విల్" అను వాక్యమునుగూడ వ్రాయవలయును. దానికి వ్యాకరణము మిక్కిలి సులభము, ఆచరణమే కష్టము.

ఈ వేసవి సెలవులలో ప్రతివిద్యార్థియు ఈ మూడు విధములకును ఒక్కొక్క వాక్యము చొప్పున వ్రాసి, పాఠశాల తెఱచిన పిమ్మట నాకు జూపవలెనని కోరుచున్నాను. పుస్తకములోని వాక్యములు వలదు, మీవి వ్రాయుడు. తప్పులుండినను వెఱవకుడు.